మా బాపు తరఫు రక్తం

ఎయిర్‌పోర్టు కొత్తగ షురువైన రోజులు. శంషాబాద్‌ల మా ఇంటి మీదికెళ్లి ఇమానం పోతే సందుల పిల్లలందరు ఉలిక్కిపడి ఏడ్సేటోళ్లు. నా బిడ్డ మాత్రం హాయిగ పండేది. ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయిన, పిచ్చిదాన్ని! ఏడాది దాటినంక పేరు పెట్టి పిలిస్తే గూడ తిరిగి సూడకపోయేసరికి దవాఖానకు ఉరికినం.

నన్ను చేసుకున్నది మా మేనమామనే, అమ్మకు సొంత తమ్ముడు. క్యాబ్ నడిపేటోడు. అమ్మమ్మనే నాకు అత్త. బయటోళ్లు ఎట్లుంటరో ఏమో, మనోళ్లైతే కడుపుల పెట్టుకొని సూసుకుంటరని ఇచ్చిన్రు.

దవాఖానల డాక్టరమ్మ నిమ్మళంగ చెప్పింది. "పాపకు పుట్టుకతోనే వినికిడి లేదమ్మా. మీ ఇద్దరిలోనూ ఒక్కో లోపం దాగి ఉంది. దాని పక్కన మంచిది ఉంది కాబట్టి మీకు వినబడుతోంది. పాపకు ఇద్దరి లోపమూ చేరింది."

"మా ఇంట్ల ఎవ్వలకు లేదు గదమ్మా?" అన్నడు మా ఆయన.

"తరాలపాటు బయటపడకుండా ఉంటుంది. మేనరికంలో ఇలా కలవడం ఎక్కువ. ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు భయం ఉంటుంది. తర్వాతి బిడ్డకు వినబడనూవచ్చు."

అంత ఇని తల ఊపిండు. ఇంటికొచ్చి చెప్పులన్న ఇడువలే, నా దిక్కు సూపిచ్చుకుంట అమ్మమ్మతోని అన్నడు గదా, "దాని బాపు తరఫు రక్తమంటనే!" నేను పక్కన్నే ఉన్న.

నెల తిరగకముందే అమ్మమ్మ కొడుక్కు ఇంకో పెండ్లి మాట తీసింది. పిల్ల ఎవ్వరనుకున్నరు? మా చెల్లె! నాకు నసాళానికంటింది. "చెల్లె ఎవ్వల బిడ్డ? బాపు రక్తం చెడ్డదైతే దానికి రాదా? జర సోయితోని మాట్లాడుండ్రి!" అన్న.

అమ్మ ఆపుతదని బిడ్డనెత్తుకొని తల్లిగారింటికి కందుకూరు బస్సెక్కిన. డాక్టరమ్మ చెప్పిందంత పూస గుచ్చినట్టు చెప్పిన. అమ్మ చిక్కుడుకాయ ఈనెలు తీస్తనే ఉన్నది.

"నాకెరికే. తమ్ముడు ఆ రోజే ఫోన్ చేసిండు."

"తెలిసి గూడ చెల్లెనిస్తవా?"

"తప్పు వాని మీద పడితే నలుగుర్ల తలెత్తుకొని తిరుగుతడా? నువ్వు ఆడదానివి, ఓర్సుకుంటవ్ బిడ్డా."

మొగడు మోసం చేస్తే అమ్మకు చెప్పుకుంటం. అమ్మనే చేస్తే ఏడికి పోవాలె? ఆమె పక్కన ఆడుకుంటున్న బిడ్డను సంకనేసుకున్న. లోపలున్న చెల్లెను కేకేసిన.

"బట్టలు సర్దుకో. నాతోని రా."