రంగు పైన, చేప నూనె కింద

పాండేసరలో గుడ్డలకు రంగులద్దే ఒక మిల్లులో నా పని షేడ్ కలపడం. వ్యాపారి పంపిన గుడ్డముక్కను చూసి, ఆ రంగు రావడానికి ఏది ఎంత వెయ్యాలో కార్డు మీద రాస్తాను. పైన రంగులు, కింద వాటికి సాయంగా వేసే ఎసిడ్ లాంటివి. రాసింది నేనైతే, చూసి సంతకం పెట్టేది ఇంకొకరు. రెండు సంతకాలు లేనిదే గుడ్డల లాట్ మిషన్‌లోకి వెళ్లదు. కెమిస్ట్రీ డిగ్రీ నన్ను ఇంతవరకే తీసుకొచ్చింది. అక్కడి నుంచి బస్సు లేదు.

పోయిన వానాకాలం నాకు కొంచెం బాగోలేదు. కొంచెం అంటే, మూడు వారాలు మంచం దిగలేదు. స్నానం చెయ్యాలంటే ఊరు ప్రయాణమంత ఏర్పాటు కావాల్సి వచ్చేది. మిల్లుకు దగ్గర్లోనే, ఉధ్నాలో నాతో గది పంచుకునే డైయింగ్ మాస్టర్ నన్ను ఆటోలో కూర్చోబెట్టి మనసు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన సిరిసిల్ల వైపు మనిషి, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నేను అన్నా అంటాను. మిల్లులో నా కార్డుల మీద రెండో సంతకం కూడా ఆయనదే.

డాక్టరమ్మ డిప్రెషన్ అంది, రోజుకో మాత్ర రాసింది. రెండు నెలలకు మళ్లీ మనుషుల్లో పడ్డాను. అప్పుడే ఫోన్‌లో ఎక్కడో చదివి చేప నూనె గోలీల సంగతి అడిగాను. కొందరికి కాస్త సాయపడొచ్చు, అందరికీ కాదు, కావాలంటే వేసుకోమంది. అది మాత్రకు తోడే కానీ మాత్రకు బదులు కాదని, ఇంకేం మింగినా తనకు చెప్పాలని కూడా అంది. నేను మొదటి సగం చాలా శ్రద్ధగా విన్నాను.

మా ఇంటి గుజరాతీ ఓనరమ్మ గది ఇచ్చేటప్పుడు పెట్టిన షరతు ఒక్కటే, గుమ్మం దాటి మాంసం, చేప, గుడ్డు రాకూడదు. అందుకని చేప నూనె సీసాను పాత షేడ్ కార్డుల అట్టపెట్టెలో దాచాను. రోజూ తలుపు దగ్గరికేసి మింగేవాణ్ని. దొంగతనంగా మింగేదానికి బలం ఎక్కువని మనిషికి ఎందుకో ఒక నమ్మకం. మాత్ర పాపం బల్ల మీద అందరి ఎదుటా పడి ఉండేది, దానికి ఆ గౌరవం దక్కలేదు. ఒంట్లోకి వచ్చిన హుషారంతా చేప ఖాతాలో వేసి, దసరా తర్వాత మాత్ర మానేశాను. డాక్టరమ్మకు చెప్పలేదు. ఆవిణ్ని బాధపెట్టడం ఎందుకని.

నెల తిరిగేసరికి, నీలం ఆకుపచ్చ కలిసిన ఫిరోజీ రంగు లాట్ ఒకటి సరిపోయిందని సంతకం పెట్టాను. అన్న ఆ గుడ్డను కిటికీ వెలుగులోకి తీసుకెళ్లి చూశాడు. అది ఫిరోజీకి దూరపు చుట్టం. నిజానికి అప్పటికి వారంగా నాకు అన్ని రంగులూ ఒకేలా ఉన్నాయి, పొద్దున మంచం మళ్లీ జిగురులా పట్టుకుంటోంది.

అన్న గుడ్డ మడతపెట్టి, “గోలీ మింగుతున్నవా తమ్మీ?” అన్నాడు.

“చేప నూనె మింగుతున్ననే.”

“నేను అడిగింది గది గాదు.”

ఆయన ఆ గుడ్డను నా చేతిలో పెట్టాడు.

“రంగు ఎయ్యకుంట ఉత్త ఎసిడ్ పోసి మిషన్ తిప్పితే బట్ట ఎట్లొస్తది?”

“తెల్లగ వస్తది.”

“డిగ్రీ సదివినోనివి. జర నువ్వే సోచాయించు.”

మళ్లీ ఆ మూడు వారాల మంచం మీదికి వెళ్లే ఉద్దేశం నాకు లేదు. మర్నాడే డాక్టరమ్మ ముందు కూర్చుని అంతా చెప్పాను. ఎవరో ఇస్తే దాచుకున్న మూలికల బిళ్లల డబ్బా కూడా తీసి బల్ల మీద పెట్టాను. ఈ మాత్రతో అది కలిస్తే ప్రమాదమని ఆవిడ దాన్ని పక్కన పెట్టేసింది. మాత్ర తక్కువ మోతాదుతో మళ్లీ మొదలైంది, చేప నూనెను ఉండనిచ్చింది. ఈసారి రెండో సగం కూడా విన్నాను.

ఇంటికొచ్చి ఒక కార్డు తీశాను. షేడ్ అన్నచోట ‘నేను’ అని రాశాను. పైన రంగు గడిలో మాత్ర. కింద చేప నూనె, పొద్దున నడక. పక్కన రోజుకో గడి, గడికి రెండు సంతకాలు, నాదీ అన్నదీ. గోడకు అంటించి, ఓనరమ్మకూ చేప సంగతి చెప్పేశాను. ఆమె “దవా ఛే నే?” అంది. మందే కదా అని. దవాకు తోడు అన్నాను. వంటగదిలో పెట్టొద్దని మాత్రం అంది.

ఫిరోజీ నాకు ఫిరోజీలా కనబడడానికి ఆరు వారాలు పట్టింది. అందులో చేప వాటా ఎంతో నాకు తెలియదు, తెలుసుకోవడానికి మాత్ర మానే ప్రయోగం మళ్లీ చెయ్యను.

మధ్యలో అన్న చుట్టాలింట్లో పెళ్లికని నాలుగు రోజులు ఊరెళ్లాడు. తిరిగొచ్చి కార్డు చూసి, ఆ నాలుగు గళ్లలో సంతకం పెట్టనన్నాడు.

“మింగిననే,” అన్నాను.

“మింగినవేమో. నేను సూడలే.”

న్యాయమే. సంచీ కూడా దించకుండా నిలబడ్డ ఆయన ఎదుట ఆ రోజు మాత్ర మింగాను, తర్వాత చేప నూనె. ఆయన జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టాడు.

రెండు సంతకాలూ పడ్డాయి కనుక ‘నేను’ అనే లాట్ పాండేసర మిల్లుకు నడిచి వెళ్లింది.