పగడాలు తెల్లబడిన సోమవారం

ఇది చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. బజారులో ఎవరైనా "సత్తెమ్మా" అని పిలిస్తే, అది ఏ సత్తెమ్మ అయినా సరే, ఇప్పటికీ నా నోరు ఎండిపోతుంది. మా ఇంట్లోవాళ్లు బీపీ అనుకుంటారు. కాదని నేను చెప్పలేదు.

తొంభైల చివర. మాదాపూర్‌లో అద్దాల మేడలు ఒక్కొక్కటే లేస్తున్నాయి, చుట్టూ ఇంకా బండలు పేలుస్తున్నారు. అక్కడో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో నేను రిసెప్షనిస్టుని. కర్నూలు నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఎవరు నవ్వినా నన్ను చూసే నవ్వుతున్నారనిపించే వయసు. వయసేనా? నా బుద్ధే అంతేమో.

మా సారు సింగపూర్‌లో పనిచేసి వచ్చినాయన. నా టేబుల్ పక్కనే మూడడుగుల గాజుతొట్టి పెట్టించారు. ఉప్పునీళ్లు, రాళ్లకు అంటుకుని ప్రాణంతో ఉన్న పగడాలు, రెండు నారింజరంగు చేపలు. పగడమంటే నాకు అప్పటిదాకా ఉంగరంలో పొదిగేదే. ఇవి మెత్తగా, నీళ్లలో వేళ్లు ఆడిస్తున్నట్టు కదిలేవి.

ఆ తొట్టి బాగోగులు సత్తెమ్మవి. నలభై అయిదేళ్లుంటాయి. మెదక్ వైపు మనిషి, బోరబండలో ఉండేది, ఆఫీసు ఊడ్చి తుడిచే పని. చదువు లేదు. సారు అంకెలు నేర్పితే థర్మామీటర్ చూడటం పట్టుకుంది. ఇరవై ఆరు ఉంటే ఆమె ముఖం తేటగా ఉండేది, ఇరవై ఎనిమిది దాటితే పరేషాన్. నీళ్ల మీదుగా గాలి పోయేలా చిన్న టేబుల్ ఫ్యాన్ పెట్టేది. నీరు ఆవిరైతే తొట్టి చల్లబడుతుందట. ఆవిరైనంత మంచినీళ్లు మళ్లీ పోసేది, లేకపోతే ఉప్పు ఎక్కువైపోతుందని. ఎండ మండే రోజున కూల్‌డ్రింక్ సీసాలో నీళ్లు గడ్డకట్టించి, మూత బిగించి, తొట్టిలో తేలేసేది. ఒక్కసారిగా చల్లబడినా ప్రమాదమేనని కాసేపటికే తీసేసేది. శనివారం మధ్యాహ్నం నుంచి బిల్డింగు పెద్ద ఏసీ ఆగిపోతుంది. అందుకని రిసెప్షన్ గదికి విడిగా ఒక ఏసీ. సోమవారం పొద్దుటిదాకా అది నడుస్తూనే ఉండాలి.

సారు లోపలికి రాగానే నన్ను చూసేవారు కాదు. "సత్తెమ్మా, ఎంతుంది?" అనేవారు. ఆ ఒక్క ప్రశ్నతోనే మొదలైందనుకుంటాను.

ఆఫీసు ఫోన్‌లో నేను అప్పుడప్పుడూ కర్నూలులో ఉన్న మా అక్కతో మాట్లాడేదాన్ని. మాట్లాడినప్పుడల్లా సత్తెమ్మ తొట్టి అద్దం తుడుస్తూ ఉండేది. అంతసేపు తుడవడానికి ఏముంది? వింటోందా? నేను ఆలస్యంగా వచ్చిన రోజే సారు గడియారం ఎందుకు చూశారు? ఈమెకూ ఆయనకూ మధ్య డిగ్రీల మాటలేనా, నా మాటలు కూడానా? ఒకరోజు గాజు తలుపు అవతల ఆమె సారుతో చాలాసేపు మాట్లాడింది. మాట వినపడలేదు. మధ్యలో చెయ్యి ఎత్తి నన్ను చూపించింది. ఇద్దరూ నావైపు చూశారు. నా ఉద్యోగం పోయిందనుకున్నాను.

మర్నాడే శనివారం. మే నెల. ఒంటిగంటకు సత్తెమ్మ ఏసీ వేసి, ఫ్యాన్ సరిచేసి, సంచీ భుజాన వేసుకుంది. "పోయొస్త మేడమ్" అంది. ఉత్తరాలు టైపు చేయాలని నేను ఉండిపోయాను. అందరూ వెళ్లారు. నేను లేచి ఏసీ స్విచ్ ఆపేశాను. ఫ్యాన్ జోలికి పోలేదు. సోమవారానికి ఒకటి రెండు డిగ్రీలు పెరుగుతుంది, ఆమెకు చివాట్లు పడతాయి, అంతే అనుకున్నాను.

సోమవారం తలుపు తీయగానే వాసన. గది పొయ్యిలా ఉంది. ఆ వేడిగాలినే ఫ్యాన్ నీళ్లమీదికి విసురుతోంది. పగడాలు సున్నం కొట్టినట్టు తెల్లగా, జిగురుగా వేలాడుతున్నాయి. చేపలు రెండూ పైకి తేలాయి. సత్తెమ్మ చేతులు మోచేతుల దాకా నీళ్లలో పెట్టి, "అయ్యో, కాగిపోయినయి" అంది.

సారు నన్నే అడిగారు. "మీరు వెళ్లేటప్పటికి ఏసీ నడుస్తోందా అండీ?"

"లేదు సార్. ఆగే ఉంది. సత్తెమ్మే ఆపిందేమో అనుకున్నాను."

ఆయన ఇంకో ప్రశ్న వేయలేదు. రేపటినుంచి రావద్దని ఆమెకు చెప్పారు.

ఇక్కడ ఆగి ఒకటి సరిదిద్దాలి. చివాట్లే పడతాయనుకున్నానని పైన రాశాను. ఇన్నేళ్లుగా నాకు నేను చెప్పుకున్నది కూడా అదే. కానీ ముప్పై దాటితే ఇవి బతకవని అంతకు పదిహేను రోజుల ముందు సత్తెమ్మే నాకు చెప్పింది, థర్మామీటర్‌లో ఆ గీత ఎక్కడుందో నా వేలు పట్టుకుని మరీ చూపించింది, మూసిన అద్దాల గది మే నెలలో ఎంత కాగుతుందో నాకు తెలియనిది కాదు. తెలిసే ఆపాను. చేపలు గుర్తురాలేదా? వచ్చాయి. అయినా ఆపాను.

వారం తర్వాత సారు ఖాళీ తొట్టి ముందు నిలబడి, తనలో తను అనుకుంటున్నట్టు అన్నారు: "కూతురి కాన్పుకి నెలరోజులు సెలవు కావాలని ఆ శుక్రవారమే అడిగిందండీ. తను లేనప్పుడు తొట్టి మీ చేతిలో పెట్టమంది. మీరు నమ్మకమైన మనిషని ఆమే చెప్పింది."

గాజు తలుపు అవతల జరిగిన మాట అదీ. నా అబద్ధాన్ని ఆయన ఎందుకంత తేలిగ్గా నమ్మారో అప్పుడు అర్థమైంది. ఆమె ఇచ్చిన మంచిపేరుతోనే ఆమెను పంపించేశాను.

అప్పుడైనా నోరు విప్పానా? లేదు. ఇంకా భయం పట్టుకుంది. శనివారం నేను ఆఖరున బయటికి రావడం వాచ్‌మన్ చూశాడు. అతను నమస్తే పెడితే వెటకారమనిపించేది, పెట్టకపోతే తెలిసిపోయిందనిపించేది. ఆరు నెలలకు ఆ ఉద్యోగం మానేశాను. అనుమానం మాత్రం నాతోనే వచ్చింది. మా ఆయన ఫోన్‌లో గొంతు తగ్గిస్తే, ఇవాళ్టికీ, నా గురించేనని చెవి అటే పోతుంది.

నేను మానేయకముందే సత్తెమ్మ ఒక్కసారి ఆఫీసుకి వచ్చింది, పాంట్రీలో ఉండిపోయిన తన టిఫిన్ డబ్బా కోసం. డబ్బా తీసుకుని నా టేబుల్ దగ్గర ఆగింది.

"మేడమ్, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. ఏసీ మీరేమన్న బంద్ జేసిండ్రా?"

"నేనెందుకు ఆపుతాను సత్తెమ్మా?"

"గదే, మీరెందుకు జేస్తరు? నేనే మరిచిన్నేమో. ఏసినట్టే యాదికున్నది గని, ఇగ నా యాదిని నేనే నమ్ముతలేను."

అని నవ్వబోయి, వెళ్లిపోయింది. పెళ్లయ్యాక రెండుసార్లు బోరబండ వెళ్లాను. రైల్వే స్టేషన్ దగ్గర నిలబడి, వచ్చేపోయే ఆడవాళ్ల ముఖాలు చూసి తిరిగొచ్చాను. ఎవరినైనా అడిగితే ఇల్లు చూపిస్తారేమోనని భయపడ్డానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. క్షమించమని రాయడం లేదు. ఆమె తప్ప ఎవరూ క్షమించలేరు, ఆమె ఉందో లేదో కూడా నాకు తెలియదు. ఈ ఒక్క మాట బయటపెట్టినందుకు ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది.

సత్తెమ్మా, నువ్వు మరిచిపోలేదు. ఏసీ వేసే వెళ్లావు.