ముసలి విమానం మీద డ్యూటీ

మా తమ్ముడు సరుకు విమానం నడుపుతాడు. పోయిన సెలవుకి బిలాస్‌పూర్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు, చేపల పులుసు కలుపుకుంటూ, తన విమానం వయసులో తనకన్నా పెద్దదని నవ్వుతూ చెప్పాడు. నేను ముద్ద కంచంలో పెట్టేశాను.

"మీ కంపెనీవోళ్లు కొత్తది కొనలేరేటి?" అన్నాను.

చిన్నపిల్లకి పాఠం చెప్పినట్టు మొదలుపెట్టాడు. ప్రయాణికుల విమానం రోజంతా తిరుగుతూనే ఉంటుంది. సరుకుది రాత్రిపూట ఒకటో రెండో ట్రిప్పులు వేసి, పగలంతా ఎండలో పడి ఉంటుంది. కొత్తది కొంటే ఎగిరినా ఎగరకపోయినా వాయిదాలు కట్టాలి. పాతది చవగ్గా వస్తుంది, ఊరికే నిలబడినా పెద్ద నష్టం లేదు. ఆయిలు ఎక్కువ తాగినా, తిరిగేది తక్కువ కాబట్టి గిట్టుబాటవుతుంది. అందుకే ప్రయాణికుల్ని మోసి మోసి అలిసిన విమానాన్ని కొని, సీట్లు పీకేసి, పక్కన పెద్ద తలుపు కోసి, పెట్టెలు నింపుతారట.

"పెట్టెలు కంప్లైంట్ చెయ్యవు కదక్కా," అన్నాడు.

నాన్న రిటైరైన రైలు డ్రైవరు. ఆయనైనా నా వైపు మాట్లాడతారనుకున్నాను.

"అచ్ఛా, మన రైళ్ల కాడా అంతే కదేటి!" అని సంబరపడిపోయారు. "పాత పాసింజర్ డబ్బాలకి కిటికీలు మూసేసి కార్లు ఎక్కించట్లేదేటి? బాగా సూసుకుంటే ఇనుము నడుస్తాది."

ఒళ్లు మండిపోయింది. ఇంజను చెడిపోతే రైలు డ్రైవరు కిందికి దిగి నిలబడతాడు. వీడు ఎక్కడ దిగుతాడు? పెట్టెలు కంప్లైంట్ చెయ్యవు, సరే. ముందు కూర్చునే ఇద్దరి మాటేమిటి? తనిఖీలు గట్టిగా ఉంటాయని, అరిగినవన్నీ మారుస్తారని వాడు చెబుతూనే ఉన్నాడు. తనిఖీ చేసేవాళ్ల మీద నాకు అనుమానం లేదు. ఆ గిట్టుబాటు లెక్కలో నా తమ్ముడు ఎక్కడా లేడు, పైగా ఆ లెక్కని వాడే నాకు ఒప్పజెబుతున్నాడు. అదీ నా మంట.

ప్రయాణికుల విమానాల కంపెనీ ఒకటి రమ్మంటోంది కదా, అందులో చేరమన్నాను. చూద్దాంలే అన్నాడు.

మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది. డ్యూటీకి వెళ్లేవాణ్ణి ఎప్పుడొస్తావని అడగకూడదు. అమ్మ బతికినన్నాళ్లూ నాన్న చేతికి క్యారేజీ ఇచ్చి, నోరు మూసుకుని గుమ్మంలో నిలబడేది. చిన్నప్పుడోసారి నేను తెలియక అడిగితే, నాన్న చెప్పులు విప్పి, లోపలికొచ్చి కూర్చుని, మంచినీళ్లు తాగి గానీ మళ్లీ బయల్దేరలేదు.

మర్నాడు తమ్ముడు డ్యూటీకని రాయ్‌పూర్ రైలుకి బయల్దేరాడు. నాన్నా నేనూ గేటు దాకా వెళ్లాం. వాడి చెయ్యి గొళ్లెం మీద పడగానే ఇక పట్టలేకపోయాను.

"ఎప్పుడొస్తావురా?" అని అరిచాను. పక్కింటివాళ్లు తొంగి చూశారు.

వాడు బిత్తరపోయి నాన్న వైపు చూశాడు. తిడతారనే అనుకున్నాను. తిడితే తిరిగి అనడానికి సిద్ధంగానే ఉన్నాను. నాన్న తిట్టలేదు, మంచినీళ్లకి లోపలికి రమ్మనీ అనలేదు. గేటుకి వీపు ఆనించి, వాడికి అడ్డంగా నిలబడ్డారు.

"సెప్పరా," అన్నారు. "అక్క అడిగింది కదా. ఎప్పుడొస్తావు?"