పెళ్లికూతురి తిట్లు

పర్యాటకులు దిగిపోయిన ప్రతిసారీ ఫాంగ్ లాన్యూ తడిగుడ్డ తీసుకుని పడవ ముక్కును తుడుస్తుంది. సరస్సు మీద పుట్టినవాళ్లు అక్కడ చెప్పుకాలు పెట్టరు. దేవుడు కూర్చునే చోటది. టూరిస్టు కంపెనీవాళ్లు కట్టిన రేవు సరిగ్గా ఆ చోటికే ఆనుతుంది. అందరూ దాన్నే తొక్కుకుంటూ ఎక్కుతారు.

చైనాలోని హుబేలో ఎటు నడిచినా ఏదో ఒక సరస్సు అడ్డొస్తుంది. వాటిలో ఒకదాని మీద లాన్యూ అరవై ఏళ్లు బతికింది. సర్కారు చేపలవేట ఆపించాక జాలరులకు ఒడ్డున ఇళ్లిచ్చారు. కదలని నేల మీద ఆమెకు నిద్ర పట్టలేదు. మళ్లీ పడవలో ఉండాలంటే ‘జాలరుల సంస్కృతి గ్రామం’లో వేషం కట్టాలి. కట్టింది. ఎర్ర పట్టు రైక తొడుక్కుని, చేప పడని చోట వల విసురుతుంది. జనం ఫోటోలు తీస్తారు, పొద్దుతిరుగుడు గింజల పొట్టు ఉమ్ముతారు. కారం నూనెలో వేయించిన రొయ్యల్ని ప్లాస్టిక్ తొడుగులతో ఒలుచుకుతిని, తొడుగుల్ని నీళ్లలోకి వదులుతారు. అవి తెగిన చేతుల్లా తేలుతుంటాయి.

ఆమెను మాట్లాడి ఈ పనిలో దించిన మేనేజరు డెంగ్ కాయ్ ఆ మధ్యాహ్నం వచ్చాడు.

“పిన్నీ, ఇవాళ ఏడుపు పాట కావాలి. పెళ్లికూతురు పాడేది.”

“అది పెళ్లి ముందురాత్రి పాడేది నాయనా. జన్మకొక్కసారి. మా అమ్మ ఒళ్లో తలపెట్టుకుని పాడాను. మళ్లీ నోరెత్తలేదు.”

“ఇప్పుడెత్తు. మీ అమ్మొచ్చి కాదంటుందా?”

“నీ సిగ్గు తగలెయ్య! ఈ వయసులో నాకు పెళ్లేంట్రా?”

“ముసుగేస్తాం కదా, మొహం ఎవరికి కనబడుద్ది? పాడనంటే మాత్రం పడవ ఖాళీ చెయ్యాల్సిందే.”

పక్క పడవలో డప్పు కొట్టే ముసలి కోంగ్ పగలబడి నవ్వాడు. “పాడు వదినా. పెళ్లికొడుకు కావాలంటే నేను లేనూ?”

“ముందు నువ్వు పళ్లు కట్టించుకో.”

ఆ పాటలో మొదట అమ్మ కోసం ఏడుస్తారు. తర్వాత సంబంధం తెచ్చినవాణ్ణి నోటికొచ్చినట్టు తిడతారు. ఆ తిట్లకు ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. ముసుగులో కూర్చున్న లాన్యూ అమ్మను దాటేసింది. నేరుగా తిట్లు అందుకుంది.

“సంబంధం తెచ్చినోడా, డెంగ్ కాయా,
నువ్వు మింగిన కోడి నీ గొంతులోనే గుడ్డు పెట్టనూ!
నీళ్లమ్ముకుంటివి, మమ్మల్నమ్ముకుంటివి,
నీ నాలుక తెగిపడితే కుక్కయినా ముట్టకపోనూ!”

గొంతు చీరుకుపోయేలా పాడింది. ఒక్క మాటా ఉత్తుత్తిది కాదు. జనం ఈలలు వేశారు. చప్పట్లు కొట్టారు. ఒకావిడ రొయ్య నములుతూనే కళ్లు తుడుచుకుంది.

డెంగ్ కాయ్ పరుగెత్తుకొచ్చాడు. “అదిరింది పిన్నీ! నా పేరు పెట్టావు చూడు, అదీ తెలివంటే! ఇక రోజూ ఇదే. రేపు అమ్మ ముక్క కూడా కలుపు. జనం ఏడవాలి.”

అంత అసహ్యాన్నీ మూటగట్టి మొహాన కొడితే, వీడు దాన్నీ నాకేశాడు. తన నోరే తనకు చేదుగా అనిపించింది. నీళ్లు పుక్కిలించింది. చేదు పోలేదు.

మర్నాడు పొద్దున్నే ఎర్ర రైకను రేవు గుంజకు తగిలించింది. చనిపోయిన పెద్దల పేర్లు చెక్కిన పలకను చంకన పెట్టుకుని పడవ దిగింది. అవతలి మడుగులో తామరదుంపలు తవ్వేవాళ్ల దగ్గరికి నడిచింది.

“ఈ వయసులో ఈ పని నీవల్లవుద్దా అత్తా?” అన్నాడు మేస్త్రీ.

ఆమె పలకను గట్టున పొడిచోట నిలబెట్టి, నడుంలోతు బురదలోకి దిగింది.