ఎడమకు తిప్పితే ఆగిపోయే బండి

నిన్న ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు డోన్‌లో యేసురత్నం మామ చనిపోయాడు. తొంభై రెండేళ్లు. నిద్రలోనే పోయాడని ఆయన మనవరాలు ఫోన్ చేసి చెప్పింది.

ఆ వయసులో పోతే షాక్ ఏముంటుంది అనుకుంటాం. ఫోన్ పెట్టేసి పాత నోట్‌బుక్‌ల కట్ట విప్పాను.

నేను రాసిన ఒక వార్తను సరిచేయమని ఆయన అడిగాడు. పదిహేడేళ్లయింది. చేయలేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. మామ మోటార్ సైకిల్ మెకానిక్. మాకు చుట్టరికం లేదు. డోన్‌లో విలేకరిగా చేరిన కొత్తలో నా బండికి రంగు వేయించాను. మర్నాటి నుంచి హారన్ లేదు, లైటు లేదు. ఇద్దరు మెకానిక్‌లు వైరింగ్ మొత్తం మార్చాలన్నారు.

మామ ఒక్క బోల్టు విప్పాడు. దాని కింద గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగించాడు. హారన్ మోగింది.

“ఇనుముకు ఇనుము తగలాలప్పా. నీ పెయింటరు బోల్టు కింద గూడా రంగేసినాడు. మీ పేపరోళ్ల మాదిరే, యాడ ఖాళీ కనపడితే ఆడ పూసేసేది!”

ఆ రోజు నుంచి నన్ను ‘పేపరప్పా’ అనే పిలిచాడు.

స్వాతంత్ర్యానికి యాభై ఏళ్లు నిండినప్పుడు, ఆ కాలంలో పనిచేసినవాళ్ల గురించి మా పేపర్లో వరుసగా రాశాం. మామ తన కథ చెప్పాడు.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది. మామకు ఇరవై నాలుగేళ్లు. ఒక మిషన్ ఆసుపత్రిలో డాక్టరు దొర మోటార్ సైకిల్ చూసుకునే పని. బనగానపల్లె వైపు పల్లెలకు, కాన్పులకు, దొర ఆ బండి మీదే వెళ్లేవాడు.

బండి దారిలో ఆగిపోవడం మొదలైంది. ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్ట్ కాదు. ఎద్దుల బండిలో వేసి షెడ్డుకు తెస్తే మొదటి కిక్కుకే స్టార్ట్ అవుతుంది.

పెట్రోలుకు రేషన్ ఉన్న రోజులు. డబ్బా తాళం మామ దగ్గరే ఉండేది. మామ పెట్రోలు అమ్ముకుని కిరసనాయిలు కలుపుతున్నాడని, బండి తిరిగొచ్చాక మంచి పెట్రోలు పోస్తున్నాడని దొర అనుకున్నాడు.

అలా ఆగిన ఒక రోజు, దొర ఒక కాన్పుకు మూడు గంటలు ఆలస్యంగా చేరాడు. తల్లి బతికింది. బిడ్డ బతకలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక సామాను తీసుకుని వెళ్లిపొమ్మన్నాడు దొర. మామకు మిగిలింది మూడు రోజులు.

“దొర అబద్ధమాడే మనిషి గాదు. నేనా, కిరసనాయిలు కలపలేదు. రెండూ నిజమైతే మర్మం బండిలోనే ఉండాల అనుకుంటి.”

షెడ్డులో స్టాండ్ మీద బండి నిటారుగా ఉంటుంది. దారిలో మలుపులో ఆగిపోతే, పక్కకు పెట్టి కిక్ కొట్టేటప్పుడు హ్యాండిల్ ఎడమకే వాలి ఉంటుంది. ఈ తేడా మామకు మూడో రోజున తట్టింది. ఇంజన్ నడుస్తుండగా హ్యాండిల్ ఎడమకు తిప్పాడు. ఆగిపోయింది. నేరుగా పెట్టి కిక్ కొట్టాడు. స్టార్ట్ అయింది. పదిసార్లు చేసి చూశాడు.

ఇంజన్ ఆపే బటన్ నుంచి ఒక వైరు హ్యాండిల్ మెడ పక్కగా కిందికి పోతుంది. బటన్ నొక్కితే ఆ వైరు బండి ఇనుముకు కలిసి ఎర్త్ అవుతుంది, స్పార్క్ ఆగిపోతుంది. ఇప్పుడు హ్యాండిల్ ఎడమకు తిప్పినప్పుడల్లా, బటన్ నొక్కకుండానే, ఆ వైరు ఇనుముకు తగులుతోంది.

నేను రాసిన వార్త ఇక్కడ ఆగింది. దొంగ అనిపించుకున్నవాడు తెలివితో బయటపడ్డాడు. హెడ్డింగ్ బాగా కుదిరింది. మామ ఫోటో వేశాం. స్వాతంత్ర్యం పండుగ రోజు పేపరు కదా అని బిడ్డ సంగతి తీసేశాను.

మర్నాడు మామ ఆ పేపరు మడిచి చంకలో పెట్టుకుని ఆఫీసుకు వచ్చాడు.

“ఏం పేపరప్పా, గుడ్డ సంగతి యాడ రాసినావు?”

“చోటు చాలలేదు మామా.”

“నా ఫోటోకు చోటుండాది. ఆ బిడ్డకు లేదా?”

గుడ్డ సంగతి ఇది.

ఆ వైరు మీది రబ్బరు ఎండకు పగిలిపోయింది. యుద్ధం రోజుల నుంచి రబ్బరు టేపు దొరకడం లేదు. రెండు నెలల ముందు మామే తన పాత గళ్ల లుంగీ చింపి దానికి చుట్టాడు. ఆ గుడ్డే ఒరుసుకుపోయి రాగి బయటపడింది.

ఇంకో గుడ్డ చుట్టి పాతదాన్ని పొయ్యిలో పడేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

మామ దాన్ని తీసుకెళ్లి దొర బల్ల మీద పెట్టాడు. తనే చుట్టానని చెప్పాడు. దొర ఆ గుడ్డను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడట. పనిలోంచి తీయలేదు.

తర్వాత మామ ఆ పల్లెకు నడిచి పోయాడు. బిడ్డ తండ్రికి కూడా అదే చెప్పాడు.

“తిడతాడనుకుంటి. కూర్చోమని నీళ్లిచ్చినాడప్పా. తాగలేకపోతి.”

ఇదంతా నా నోట్‌బుక్‌లో ఉంది. పేపర్లో లేదు.

సవరణ వేస్తానని ఆ రోజు మాట ఇచ్చాను. ఎన్నికలు వచ్చాయి. కరువు వచ్చింది. నాకు కర్నూలు బదిలీ అయింది. మామ మరో రెండుసార్లు అడిగాడు. ఆ తర్వాత మానేశాడు. కనపడితే “బండి ఎట్లుండాది?” అని మాత్రం అడిగేవాడు.

పేరు తప్పు పడితే, ఊరు తప్పు పడితే మర్నాడే దిద్దేవాణ్ని. ఈ వార్తను ఆయన తప్ప ఎవరూ తప్పు అనలేదు. అందుకే అలా ఉండిపోయింది. వేరే కారణం ఏమీ లేదు.

ఇప్పుడు రాస్తున్నాను. ఆ వైరుకు గుడ్డ చుట్టింది యేసురత్నం మామే. ఆ మాట చెప్పిందీ ఆయనే, అడగకుండానే, రెండు చోట్ల.

చాలా దూరం మోశావు మామా. ఇక దించుకో. దేవుడు నీకు నెమ్మది ఇవ్వాలి.

ఈ రోజు సాయంత్రం నాలుగింటికి డోన్ చర్చిలో ప్రార్థన. ఐదింటికి సమాధుల తోటకు తీసుకెళ్తారు.

సవరణ రాసి డెస్క్‌కు పంపాను. నాలుగు లైన్లు. రేపటి జిల్లా పేజీలో వస్తుంది.