కొబ్బరి మట్టల కింద నేర్పిన రింగాట

1954లో నేను రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో ఆడపిల్లలకు డ్రిల్లు టీచరుని. మెడలో ఈల, ముక్కు మీద కోపం. పిల్లలు నాకు పెట్టిన పేర్లు ఇక్కడ రాయను.

మా బడికి మైదానం లేదు. పక్కనున్న కొబ్బరితోటలో వల కట్టి టెన్నికాయిట్ ఆడించేదాన్ని. అందరూ రింగాట అనేవారు. రబ్బరు రింగును వల మీదుగా విసరాలి, అవతలివాళ్ళు ఒక చేత్తో పట్టి వెంటనే తిరిగి విసరాలి. నేల తాకితే పాయింటు పోతుంది. మాకున్నది ఒకటే రింగు. ఎవరైనా ఎత్తుగా విసిరితే అది పోయి మట్టల్లో చిక్కుకునేది. గెడకి అందదు. తోట ఆసామి మధ్యలో ఎవరినీ చెట్టెక్కనివ్వడు. నెలన్నరకోసారి జరిగే దింపులో కాయలతోపాటు మా రింగూ దిగేది. రెండుసార్లు అలా జరిగేసరికి నాకు ఒళ్ళు మండి ఒక రూలు పెట్టాను. రింగు వలకి మూరెడు మించి పైకి పోయిందా, విసిరిన పిల్ల ఆ రోజంతా గట్టున కూర్చోవాల్సిందే!

ఆ రూల్లో పెరిగిన పిల్ల మార్త. తండ్రి లేడు. తల్లి మరియమ్మ కొబ్బరిపీచుతో తాళ్ళు పేనేది. మార్తకు కాలేజీలో చదివి టీచరు కావాలని ఆశ. స్కూలు ఫైనల్ అయ్యాక ఆట సాగించడానికి మగపిల్లలకు కాలేజీ జట్లున్నాయి, ఊరి క్లబ్బులున్నాయి. ఆడపిల్లకు నాకు తెలిసిన దారి ఒక్కటే. కాకినాడలో ఒక ఆడపిల్లల కాలేజీ ఆటగత్తె కోసం ఒక సీటు ఉంచేది. జీతం, అంటే ఫీజు, కట్టక్కర్లేదు, హాస్టల్లో భోజనం. దానికి ట్రయల్స్, అంటే ఆడించి చూసి ఎంచుకోవడం. అది రాకపోతే మార్త కూడా తాళ్ళు పేనుకోవాల్సిందే.

గేమ్స్ సర్టిఫికెట్లో 'అన్ని పద్ధతుల్లోనూ శిక్షణ పొందినది' అని నా చేత్తోనే గొప్పగా రాశాను. తల్లినీ కూతుర్నీ వెంటబెట్టుకుని రెండు రేవులు దాటి కాకినాడ చేరాం.

అక్కడ మైదానం చుట్టూ ఒక్క చెట్టు లేదు. సముద్రపు గాలి. అవతలి పిల్ల మొదటి రింగే ఆకాశంలోకి విసిరింది. మార్త తలెత్తి అలా చూస్తూ నిలబడిపోయింది. అది వెనకాల దబ్బున పడింది. రెండోదీ అంతే. ఏడు పాయింట్లు వరసగా పోయాయి. అప్పుడు వెలిగింది నాకు. పై నుంచి దిగే రింగును ఈ పిల్ల జన్మలో చూడలేదు. చూడనివ్వనిది నేనే!

ఆట ఆపించి ఫిజికల్ డైరెక్ట్రెస్‌గారు, అంటే ఆ కాలేజీ ఆటలన్నిటికీ పెద్ద, మార్తను పిలిచారు.

"ఎత్తు రింగులు మీ టీచరు నేర్పలేదా అమ్మాయీ?"

"నేర్పేరండి. మా టీచరుగారు అన్నీ నేర్పేరండి. నాకే చేతకాలేదండి."

నాకు తల కొట్టేసినట్టయింది. నోరు మూసుకుంటే నా పరువు దక్కుతుంది, పిల్ల బతుకు పోతుంది. సిగ్గు విడిచి ముందుకెళ్ళాను.

"అబద్ధమండీ. నేను నేర్పలేదు. ఎత్తు వేసినవాళ్ళని కూర్చోబెట్టేదాన్ని. ఆ సర్టిఫికెట్లో రాసింది తప్పండీ" అంటూ తోట, ఒకే ఒక్క రింగు, దింపు, అన్నీ చెప్పేశాను.

పక్కనున్న లెక్చరరు పకపకా నవ్వింది. డైరెక్ట్రెస్‌గారు నవ్వలేదు. రింగు తీసుకుని తానే వల అవతల నిలబడ్డారు. కుడికి, ఎడమకి, చీలమండల దగ్గరకి విసురుగా వేశారు. మార్త ఒక్కటీ నేల తాకనివ్వలేదు. తర్వాత పైకి వేశారు. రెండు పోయాయి. మూడోది వేళ్ళకు తగిలి జారింది. నాలుగోది పట్టేసింది!

"పైవి ఇక్కడ నేర్చుకుంటుందిలెండి. కింద ఇంత బాగా పట్టే పిల్ల నాకు దొరకలేదు. సీటు ఈ అమ్మాయికే" అన్నారు. ఆ మహాతల్లి చల్లగా ఉండాలి అనుకున్నాను.

తిరుగు దారిలో పడవలో మరియమ్మ నాకు చేతులు జోడించింది.

"ఊరుకో మరియమ్మా! నా రూలు వల్లే సీటు పోబోయింది."

"ఆయ్, విన్నానండి. అయినా తప్పు నాదేనని పది మందిలో చెప్పిన పెద్దోళ్ళని నేనింతవరకూ చూళ్ళేదండి."

ఆ మాట నా చేత చెప్పించింది ఆమె కూతురే. నన్ను కాపాడబోయి ఆ పిల్ల తన సీటే వదులుకోబోయింది. అప్పటినుంచీ పిల్ల తడబడితే ఈల ఊదే ముందు నేనేం నేర్పానో ఒకసారి చూసుకుంటాను. ఆ బుద్ధి నేర్పినందుకు మార్తకు నేనెప్పటికీ కృతజ్ఞురాలిని.

క్రిస్మస్ సెలవులకు వచ్చినప్పుడు మార్త మా పిల్లల్ని కోతలైన చేలోకి తీసుకెళ్ళి ఎత్తు రింగులు నేర్పింది. నేనూ చీర కుచ్చిళ్ళు దోపుకుని వరసలో ఆఖర్న నిలబడ్డాను.