రాకెట్ కనబడే చోటు

తొలకరి పడగానే తెనాలి బజారులో కొత్త బరకాల వాసన మొదలవుతుంది. మైనమూ కిరసనాయిలూ కలిసినట్టుండే ఘాటు. మొన్న కూరగాయలకని వెళ్ళి, ఒక దుకాణం ముందు మడతలు విప్పి పరిచిన ఆకుపచ్చ బరకాన్ని దాటబోతూ ఆగిపోయాను. గుండెలో ముందు కదిలింది దుఃఖం కాదు. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గాని, అది అసూయ. ఖాదర్‌బీ అక్క పోయి ఇన్నేళ్ళయినా, ఆమె గుర్తు రాగానే నాకు మొదట కలిగేది అదే.

లారీల మీదా వడ్ల రాశుల మీదా కప్పే బరకాలు కుట్టడం ఆమె పని. భర్త మౌలాగారు వాటిని ఊళ్ళు తిప్పి అమ్మేవాడు. ఆమె చదువు ఐదో తరగతి. నేను ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ, తెనాలిలోనే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, రాకెట్ ప్రయోగం చూపిస్తానని మా విద్యార్థినులను పదిమందిని శ్రీహరికోట వైపు తీసుకెళ్ళాను. చాలా దూరంలోనే పోలీసులు మమ్మల్ని ఆపేశారు. రోడ్డు వార జనంలో నిలబడ్డాం. నేల అదిరింది, ఉరుములాంటి చప్పుడు వచ్చింది, చెట్ల కొమ్మల మధ్య పొగ కాస్త కనబడింది. అంతే. తిరుగు రైలు కోసం సూళ్ళూరుపేట స్టేషన్లో దిగులుగా కూర్చుంటే, పక్క బెంచీ మీద బరకం మూటకు ఆనుకున్న ఒకావిడ భర్తతో అంటోంది: "మంట ముందు తెల్లగా ఉంది చూశావా? మబ్బు దాటాక ఎర్రబడింది. రెండోసారి అంటుకున్నప్పుడు నేను ఊపిరి బిగబట్టేశాననుకో."

మా పిల్లల్లో సునీత ఉండబట్టలేక, "అంతసేపు కనబడిందా ఆంటీ మీకు?" అంది.

"కనబడకేం తల్లీ. నిన్ననే వచ్చి సరస్సు గట్టున దిగాం. మొదటి నుంచీ చివరిదాకా చూశాం." మా ఊరూ తెనాలేనని తెలిశాక ఆమె నవ్వి, నా వైపు తిరిగింది. "ఈసారి మాతో రండి టీచరమ్మా. పిల్లలు ఊరికే తిరిగిపోతే బాగోదు."

ఆ మాటలో దయ తప్ప మరేమీ లేదు. నాకు మాత్రం చెంపమీద కొట్టినట్టయింది.

తర్వాతి ప్రయోగానికి ఖాదర్‌బీ అక్క వెంట వెళ్ళాం. చోటు వెదకడమంటే ఏమిటో అప్పుడు చూశాను. ముందురోజు, సరిగ్గా ప్రయోగం జరిగే వేళకు ఆమె గట్టు మీద నిలబడి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "రేపు ఈ టైముకి ఎండ ఎటునుంచి వస్తుందో ఇవాళే చూసుకోవాలండి. కళ్ళల్లో కొట్టిందంటే ఇంక కనబడేదేముంది?" మేకలు ఎక్కడ పడుకుంటాయో చూసి అక్కడ నేల పొడిగా ఉంటుందని చెప్పింది. గాలికి వీపు ఉండేలా బరకం కట్టించింది. అన్నిటికంటే ముందు ఆ గట్టు ఎవరిదో కనుక్కుని, వాళ్ళ ఇంటికి నడిచి వెళ్ళి అడిగి వచ్చింది. అడగకుండా మూట కూడా దించలేదు.

మర్నాడు రాకెట్ లేచి కనుమరుగయ్యేదాకా చూశాం. పిల్లలు ఎగిరి గంతులేశారు. ఒక్కో దశ ఎలా విడిపోతుందో నేను వివరించబోయాను. "ఒక్క నిమిషం మేడం, ఆంటీ ఏదో చెబుతోంది," అని సునీత ఆమె వైపు తిరిగిపోయింది. ఏడాదిగా నేను పాఠం చెబుతున్న పిల్ల! తిరుగు రైలులో తలనొప్పి అని కళ్ళు మూసుకున్నాను. నొప్పి తలలో లేదు.

ఒకరోజు నేనూ పిల్లలూ అక్క బరకాలు కుట్టే దుకాణంలో ఉండగా ఆమె పని ఆపి అడిగింది: "అంత దూరం పోకుండా, మన బాపట్ల ఒడ్డునుంచి కనబడదంటారా టీచరమ్మా?"

"భూమి గుండ్రంగా ఉంటుంది కదక్కా, అడ్డమొస్తుంది," అన్నాను. లెక్క వేసి చెప్పింది కాదు. ఆమెకు తెలియనిది నాకు తెలుసని పిల్లల ముందు అనిపించుకోవాలని చెప్పింది.

"అంతేనంటారా," అని ఆమె మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకుంది.

కానీ వెదకడం మానలేదు. సూర్యలంక చూసింది, దీపాలూ జనమూ ఎక్కువన్నది. రేపల్లె దాటి నిజాంపట్నం వైపు, ఒక జాలరిపల్లె పక్కన ఇసుక దిబ్బ నచ్చింది. పొద్దు గూకే వేళ ప్రయోగం ఉందని తెలిసి సునీతనూ వాళ్ళ నాన్ననూ వెంటబెట్టుకుని వెళ్ళింది. నన్నూ పిలిచింది. పేపర్లు దిద్దాలని వెళ్ళలేదు. మర్నాడు సునీత స్టాఫ్‌రూమ్‌లోకి పరుగెత్తుకొచ్చింది. "కనబడింది మేడం! దక్షిణాన ఎర్రటి చుక్క లేచింది. చప్పుడే లేదు. ఎడమకి వంగి సముద్రం మీదికి పోయింది!"

ఆ పిల్ల వెళ్ళాక కాగితం తీసుకుని లెక్క వేశాను. పది నిమిషాల పని. అంత ఎత్తుకు లేచేదాన్ని భూమి వంపు దాచలేదు. అక్క అడిగిన రోజే నేను వేయవలసిన లెక్క అది. దాన్నే వ్యాసంగా రాసి, దిబ్బ ఎక్కడుందో దారితో సహా వివరించి, ఒక దినపత్రిక జిల్లా పేజీకి పంపాను. నా పేరుతో అచ్చయింది. అందులో ఖాదర్‌బీ పేరు లేదు. నేను ఆ దిబ్బను కంటితో చూడనైనా లేదు.

తర్వాతి ప్రయోగానికి మోటారు సైకిళ్ళ మీదా జీపుల్లోనూ జనం విరగబడ్డారు. "రాసింది ఈ మేడమే," అని ఎవరో నన్ను చూపిస్తుంటే నిటారుగా నిలబడ్డాను. మబ్బు పట్టి రాకెట్ కనబడలేదు. విసుగెత్తిన జనం వెనక్కి తిరిగి, ఆరబెట్టిన వలల మీదుగా బళ్ళు తోలేశారు. పల్లె పెద్ద వచ్చి నన్నేమీ అనలేదు. పక్కనే ఉన్న అక్క ముందు నిలబడ్డాడు. "చూసి పోతామని నువ్వే కదమ్మా మాటిచ్చింది?" ఆమె తల దించుకుంది.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు వెళ్ళాను. ఆమె అప్పటికే అక్కడుంది. జాలరి ఆడవాళ్ళ మధ్య కూర్చుని, వాళ్ళు చూపించినట్టు చిరిగిన వల అల్లుతోంది. పక్కన కూర్చున్నాను.

"మీ పేరు రాయకపోవడం తప్పేనక్కా," అన్నాను చివరికి.

"నా పేరుదేముంది," అంది తల ఎత్తకుండా. "వీళ్ళ చోటు ఊరందరికీ చెప్పేశారే, వీళ్ళనడిగారా?"

నేనూ ఒక వల కొస అందుకున్నాను. క్షమించానని ఆమె అనలేదు. తర్వాత రెండేళ్ళు నేనెప్పుడు దుకాణానికి వెళ్ళినా, ఈసారి ఎక్కడికని అడిగితే "ఇంకా అనుకోలేదండి" అనేది. సునీతకు మాత్రం చెప్పేదని తెలుసు. అది తలచుకుని రాత్రులు దొర్లేదాన్ని.

ఆఖరికి నేనే వెదకడం మొదలుపెట్టాను. ఆదివారాలు బస్సెక్కి బాపట్ల దిగువన ఒడ్డు వెంట నడిచాను. రామాపురం దాటాక వేరుశనగ చేను అంచున ఒక మెరక దొరికింది. రైతును అడిగాను. "చూసుకోండమ్మా, మొక్కలు మాత్రం తొక్కమాకండి," అన్నాడు. వెళ్ళి అక్కకు చెప్పాను. ఇంకెవరికీ చెప్పలేదు. ఆమె సూది పక్కన పెట్టి నన్ను తేరిపార చూసింది. "అడిగారా?" అంది. అడిగానన్నాను.

ఆ ప్రయోగానికి మౌలాగారితో వచ్చింది. నేను కట్టిన బరకం చూసి, "ఇటు కాదండి, గాలి లేపేస్తది," అని విప్పి మళ్ళీ కట్టింది. పొద్దు వాలాక ఎర్రటి చుక్క లేచింది. నేను మొదటిసారి మన ఒడ్డునుంచి చూశాను. అది వంగుతుండగా ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఎందుకట్లా వంగుద్ది టీచరమ్మా? మీరు చెబుతుంటే పిల్లలు తలూపేవాళ్ళు. నాకర్థమయ్యేది కాదు. ఒళ్ళు మండేది." ఇసుకలో గీతలు గీసి, చీకటి పడేదాకా చెప్పాను. మధ్యలో ఆపి ఆపి అడిగింది. ఒక్క ప్రశ్నకూ మొహమాటపడలేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళకే జబ్బు చేసి పోయింది.

అసూయ నన్ను వదల్లేదు. నాకంటే బాగా చూసినవాళ్ళూ, బాగా చెప్పేవాళ్ళూ ఎదురైతే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మంటతోనే వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంటాను. నాకిది తెలియదండి, చెప్పండి అంటాను.